జీతం అందని నెలల్లో జామియాను నిలిపిన జాకిర్ హుసేన్

చందాలు బాగా వస్తున్నప్పుడు ఒక సంస్థను నడపడం పెద్ద విద్యేమీ కాదు. ఖజానా ఖాళీ అయి, జీతాలు ఆగిపోయి, ఇక మూసివేయడమే మేలని పెద్దలే అంటున్న వేళ పదిమందిని ఒక్క తాటిమీద నిలబెట్టడమే అసలైన నాయకత్వం. అలాంటి నాయకుడు మన మధ్యనే, మన హైదరాబాదులోనే పుట్టాడన్న సంగతి నేటి పిల్లల్లో చాలామందికి తెలియదు.

డాక్టర్ జాకిర్ హుసేన్ పేరు చెప్పగానే రాష్ట్రపతి భవనం గుర్తుకు వస్తుంది. ఆయన భారతదేశానికి తొలి ముస్లిం రాష్ట్రపతి. అయితే ఆ పదవి ఆయన జీవితంలో చివరి రెండేళ్ల ముచ్చట మాత్రమే. అంతకు చాలా ముందు, 1926 నుంచి 1948 వరకు, 22 ఏళ్లపాటు ఆయన ఒక బీద విద్యాసంస్థకు పెద్దగా ఉన్నారు. ఆ సంస్థ పేరు జామియా మిల్లియా ఇస్లామియా. ఐరోపాలో చదివి వచ్చిన పండితులు ఎక్కడికి వెళ్లినా మంచి ఉద్యోగాలు దొరికే రోజుల్లో, జీతం ఎప్పుడొస్తుందో తెలియని ఆ బడిని పట్టుకుని ఎందుకున్నారు? ఈ ప్రశ్నకు జవాబు జాకిర్ సాహెబ్ జీవితంలోనే ఉంది.

హైదరాబాదులో పుట్టి...

ఆయన 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించారు. వారిది అఫ్రీదీ పఠాన్ల కుటుంబం. స్వస్థలం ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా ఖాయంగంజ్. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ బతుకుతెరువు కోసం దక్కన్‌కు వచ్చి, హైదరాబాదులో న్యాయవాదిగా స్థిరపడ్డారు. ఏడుగురు కొడుకుల్లో జాకిర్ మూడోవాడు. పిల్లవాడికి పదేళ్లున్నప్పుడు, 1907లో తండ్రి చనిపోయారు. కుటుంబం ఖాయంగంజ్‌కు తిరిగి వెళ్లిపోయింది. మరో నాలుగేళ్లకే, 1911లో ప్లేగు తల్లిని కూడా పొట్టన పెట్టుకుంది. పద్నాలుగేళ్లకే జాకిర్ తల్లీతండ్రీ లేనివాడయ్యాడు.

ఆ వయసులో అతన్ని తీర్చిదిద్దింది ఇటావాలోని ఇస్లామియా హైస్కూలు. నిరాడంబరంగా బతకడం, తన పని తానే చేసుకోవడం, తోటివారి కోసం శ్రమించడం అక్కడే అలవడ్డాయి. టర్కీ యుద్ధంలో చిక్కుకున్న రోజుల్లో ఆ కుర్రవాడు అక్కడి బాధితుల కోసం చందాలు వసూలు చేశాడు. ఎదుటివారి మనసును కదిలించాలంటే ముందు తన మనసు కదలాలన్న సంగతి అతనికి అప్పుడే తెలిసివచ్చి ఉండాలి. ఇటావా నుంచి అలీగఢ్ కళాశాలకు వెళ్లి, చురుకైన విద్యార్థిగా, మంచి వక్తగా పేరు తెచ్చుకున్నారు.

అలీగఢ్ విడిచిన యువకుడు

1920 నాటికి దేశమంతటా ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలు ఊపందుకున్నాయి. ఆ ఏడాది అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చారు. ఆంగ్ల ప్రభుత్వ సహాయంతో నడిచే విద్యాలయాలను విడిచిపెట్టమని విద్యార్థులను కోరారు. చాలామంది ఊగిసలాటలో పడ్డారు. జాకిర్ హుసేన్‌కు అప్పుడు 23 ఏళ్లు. పై చదువులు చదువుతూనే పాఠాలు కూడా చెబుతున్నారు. ముందు మంచి భవిష్యత్తు ఉంది. అయినా బయటికి వచ్చేసిన వారిలో ఆయనా ఒకరు. అయితే ఉత్త చేతులతో వీధిన పడితే లాభం లేదనీ, విడిచిన బడికి బదులు మరో బడి కావాలనీ పట్టుబట్టినవారిలో కూడా ఆయన ముందున్నారు. 1920 అక్టోబరు 29న అలీగఢ్‌లోనే జామియా మిల్లియా ఇస్లామియా ప్రారంభమైంది. మౌలానా మహ్మూద్ హసన్ దానికి పునాది పలికారు. హకీమ్ అజ్మల్ ఖాన్ అమీరె జామియా, మౌలానా ముహమ్మద్ అలీ తొలి షైఖుల్ జామియా అయ్యారు.

1922లో జాకిర్ హుసేన్ జర్మనీ వెళ్లారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో డాక్టరేట్ సంపాదించారు. చదువొక్కటే ఆయన లోకం కాలేదు. బెర్లిన్‌లోని కావియానీ ముద్రణాలయంలో గాలిబ్ దీవాన్‌ను ముచ్చటగా అచ్చు వేయించారు. అందుకోసం అక్షరాలు కూర్చే పని కూడా నేర్చుకుని తన చేతులతో చేశారు. ఏ పనీ చిన్నది కాదన్న ఆ స్వభావమే తర్వాత ఆయన ఉపాధ్యాయులకు బలమైంది.

ఇక్కడ జామియా మాత్రం కష్టాల్లో పడింది. 1924లో టర్కీలో ఖిలాఫత్ రద్దయింది. దానితో ఆ ఉద్యమం చల్లారి, వచ్చే చందాలు ఆగిపోయాయి. ఆవేశంతో వచ్చినవారు ఒక్కొక్కరే జారుకున్నారు. 1925లో సంస్థను అలీగఢ్ నుంచి ఢిల్లీలోని కరోల్ బాగ్‌కు తరలించారు. హకీమ్ సాహెబ్ తన సొంత డబ్బుతో దాన్ని నెట్టుకొచ్చారు. అవసరమైతే జోలె పట్టడానికైనా సిద్ధమని గాంధీజీ ధైర్యం చెప్పారు. అయినా మూసివేత మాట వినిపిస్తూనే ఉంది. ఆ కబురు బెర్లిన్‌కు చేరింది. అక్కడున్న జాకిర్ హుసేన్, ఆబిద్ హుసేన్, ముహమ్మద్ ముజీబ్ ఆలోచించుకుని, తాము వచ్చి జామియాకు సేవ చేస్తామనీ, మూసివేయవద్దనీ తంతి పంపారు. 1926 ఫిబ్రవరిలో ముగ్గురూ తిరిగి వచ్చారు. 29 ఏళ్ల వయసులో జాకిర్ హుసేన్ షైఖుల్ జామియా అయ్యారు.

ఇరవై ఏళ్ల ప్రతిజ్ఞ

పగ్గాలు చేపట్టిన రెండేళ్లలోపే పెద్ద దెబ్బ తగిలింది. 1927 డిసెంబరులో హకీమ్ అజ్మల్ ఖాన్ కన్నుమూశారు. జామియాకు పోషకుడూ, పెద్ద దిక్కూ ఆయనే. చేతిలో పైసా లేదు, నెత్తిమీద అప్పులున్నాయి. బ్రిటిష్ ప్రభుత్వం దగ్గర చేయి చాచడం సంస్థ పుట్టుకకే విరుద్ధం. జామియా పట్టాలకు ప్రభుత్వ గుర్తింపు లేదు కనుక, సర్కారు ఉద్యోగం ఆశించేవారు పిల్లల్ని పంపరు. బయటి పెద్దలు చేతులెత్తేసే పరిస్థితి వచ్చింది.

అప్పుడు జరిగినదే జామియా చరిత్రలో అసలు మలుపు. 1928లో ఉపాధ్యాయులే అంజుమనె తాలీమె మిల్లీ అనే సంఘంగా ఏర్పడి, సంస్థ భారాన్ని తమ భుజాల మీదికి ఎత్తుకున్నారు. కనీసం 20 ఏళ్లు జామియాకే సేవ చేస్తామనీ, నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోమనీ మాట ఇచ్చారు. జాకిర్ హుసేన్ కూడా అందరిలాగే ఆ మాటకు కట్టుబడ్డారు. అంతవరకు ఆ ఉపాధ్యాయులు ఎవరో పెట్టిన బడిలో కొలువు చేసేవారు. ఆ రోజు నుంచి బడి వారిదైంది.

ఈ తేడాను మనం బాగా గమనించాలి. కష్టకాలంలో చాలామంది నాయకులు కిందివారికి త్యాగం గురించి ఉపన్యాసాలిస్తారు. జాకిర్ సాహెబ్ ఉపన్యాసంతో సరిపెట్టలేదు. లెక్కల పుస్తకం అందరి ముందు పెట్టినట్టే ఉండేది వ్యవహారం. ఉన్నదెంత, లేనిదెంత అందరికీ తెలుసు. పెద్దాయన ఇంట్లో కూడా తమ ఇంట్లోలాగే పొయ్యి పొదుపుగా వెలుగుతోందని అందరికీ తెలుసు. 150 రూపాయలన్నది పైహద్దు మాత్రమే. చేతికి అందేది అంతకన్నా తక్కువ, అదీ నెలల తరబడి ఆలస్యంగా. కష్టం అందరికీ సమానమైనప్పుడు సణుగుడుకు చోటు తక్కువ. నాయకుడు ఒక్కడే సుఖంగా ఉంటే, కడుపు నిండినవాడికి కూడా కోపం వస్తుంది.

అయితే ఒక్క మాట చెప్పుకోకపోతే న్యాయం కాదు. ఆ ప్రతిజ్ఞ చేసినవారు మగవారు, దాన్ని వంటింట్లో మోసినవారు ఆడవారు. జాకిర్ హుసేన్ భార్య షాజహాన్ బేగం పేరు చరిత్ర పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. చాలీచాలని డబ్బుతో ఇల్లు గడుపుతూ పిల్లల్ని పెంచిన అలాంటి ఇల్లాళ్లు లేకుంటే జామియా లేదు. త్యాగం కోరే ప్రతి నాయకుడూ ఆ త్యాగం చివరికి ఎవరి మీద పడుతుందో కూడా చూడాలి.

ధనవంతుల తలుపులు తట్టడంతోపాటు సామాన్యుల దగ్గరికి వెళ్లడం జామియా నేర్చుకుంది. హమ్‌దర్దానె జామియా పేరిట ఊరూరా చిన్న చిన్న మొత్తాలు ఇచ్చే సానుభూతిపరులను కూడగట్టారు. ఈ పనికి షఫీఖుర్ రహమాన్ కిద్వాయీ ప్రాణం పెట్టారు. ఒక్క నవాబు ఇచ్చే వేయి రూపాయల కన్నా వేయిమంది ఇచ్చే ఒక్కో రూపాయి సంస్థకు ఎక్కువ బలం. ఇచ్చిన ప్రతివాడూ అది తన బడేనని చెప్పుకుంటాడు.

మనుషుల్ని పెంచిన తీరు

జాకిర్ హుసేన్ గొప్పతనం కష్టాలు ఓర్చుకోవడంతో అయిపోలేదు. తన వెంట నడిచినవారిని పెద్దవారిని చేయడంలో అది ఇంకా బాగా కనిపిస్తుంది. ఎవరిలో ఏ గుణం ఉందో చూసి వారికి ఆ పొలం అప్పగించేవారు. ఆబిద్ హుసేన్‌కు చదువు, రచన, పత్రిక. ముజీబ్‌కు చరిత్ర బోధన. హామిద్ అలీ ఖాన్‌కు మక్తబా జామియా అనే ప్రచురణ సంస్థ. షఫీఖుర్ రహమాన్‌కు చందాల పని, ఆ తర్వాత వయోజన విద్య. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకుండా ప్రతివారూ తమ పొలాన్ని తామే దున్నుకున్నారు. అందుకే జామియా అంటే ఒక్క జాకిర్ హుసేన్ కాదు. అందులో ప్రతి విభాగానికీ దాన్ని కన్నబిడ్డలా చూసుకున్న మనిషి ఒకరు ఉండేవారు.

విశ్వవిద్యాలయ పెద్ద అయినా ఆయన మనసు ఎక్కువగా ప్రాథమిక పాఠశాల చుట్టూ తిరిగేది. పిల్లల కోసం కథలు రాశారు. అబ్బూ ఖాన్ మేక కథ ఈనాటికీ ఉర్దూ ఇళ్లలో పిల్లలు చదువుకుంటున్నారు. అబ్దుల్ గఫ్ఫార్ ముధోలీ వంటి ఉపాధ్యాయులు ఆ బడిలో కొత్త పద్ధతులు తెచ్చారు. పిల్లలే నడిపే బ్యాంకు, పిల్లలే నడిపే దుకాణం ఉండేవి. లెక్కలు పలక మీదే కాక గల్లాపెట్టె దగ్గర కూడా నేర్చుకునేవారు. దుకాణంలో లెక్క తప్పితే తమ సొమ్మే పోతుంది కనుక శ్రద్ధ దానంతట అదే వచ్చేది. ఉపాధ్యాయులకు ఏ సూత్రమో, పిల్లలకూ అదే సూత్రం: బాధ్యత అప్పగిస్తే మనిషి ఎదుగుతాడు.

తప్పు దిద్దే పద్ధతి కూడా వేరుగా ఉండేది. జామియా వారు తరతరాలుగా చెప్పుకునే ఒక సంఘటన ఉంది. విద్యార్థులు బూట్లు శుభ్రంగా ఉంచుకోవాలని ఎంత చెప్పినా కొందరు వినలేదట. ఒక ఉదయం జాకిర్ హుసేన్ బ్రష్షు, పాలిష్ డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడి, మురికి బూట్లతో వచ్చిన విద్యార్థుల బూట్లు తానే తుడవడానికి సిద్ధమయ్యారట. కుర్రవాళ్లు సిగ్గుతో చచ్చిపోయారు. మర్నాటి నుంచి మళ్లీ చెప్పవలసిన పని లేకపోయిందంటారు. జరిమానాతో వచ్చే క్రమశిక్షణ జరిమానా ఉన్నంతవరకే. గౌరవం వల్ల వచ్చినది ఇంటిదాకా వెంట వస్తుంది.

ఆయన వ్యక్తిత్వం ఆకర్షించినవారిలో ఒక జర్మన్ యూదు మహిళ కూడా ఉన్నారు. ఆమె పేరు గెర్డా ఫిలిప్స్‌బోర్న్. బెర్లిన్‌లో ఈ ముగ్గురు మిత్రులతో పరిచయమైంది. 1930ల తొలినాళ్లలో ఆమె ఢిల్లీ వచ్చి జామియాలో చేరారు. చిన్నపిల్లల మధ్యే గడిపారు. పిల్లలకు ఆమె ఆపా జాన్. 1943లో చనిపోయే వరకు జామియానే ఇల్లనుకున్నారు. ఆమె సమాధి కూడా అక్కడే ఉంది. పరాయి దేశం, పరాయి మతం, పరాయి భాష. అయినా ఇది నా బడి అని ఆమెకు అనిపించిందంటే, ఆ వాతావరణం ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

జాకిర్ సాహెబ్ జీవితంలో గుండె కలుక్కుమనే ఘట్టం ఒకటుంది. ఒకరోజు ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు మిఠాయి పంచుతున్నారు. ఆయన చిన్నారి కూతురు రెహానా ఇంట్లో జబ్బుతో ఉంది. పాప పరిస్థితి బాగా లేదని ఒక మనిషి వచ్చి చెవిలో చెప్పాడు. కొంతసేపటికి, పాప ఇక లేదన్న కబురు వచ్చింది. ఆయన ముఖం పాలిపోయింది, కానీ చేతులు ఆగలేదు. చివరి పిల్లవాడి వరకు మిఠాయి పంచిన తర్వాతే ఇంటికి నడిచారు. ఎందుకలా చేశారని తర్వాత అడిగితే, పిల్లలు అంత సంతోషంగా ఉంటే ఆ సంతోషాన్ని చెడగొట్టాలనిపించలేదని చెప్పారట. ఈ పని సబబా కాదా అని ఎవరి మనసుకు తోచినట్టు వారు అనుకోవచ్చు. ఒక్కటి మాత్రం నిజం. అది చూసిన ఉపాధ్యాయుడెవరూ ఆ తర్వాత తన కష్టాన్ని పెద్దదిగా చెప్పుకుని ఉండడు. ఆయన అబ్బూ ఖాన్ మేక కథను ఆ పాప పేరు మీదనే, రుఖయ్యా రెహానా అని ప్రచురించారు.

1935 మార్చి 1న ఢిల్లీ శివార్లలోని ఓఖ్లాలో జామియా కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. ఏ నవాబో, ఏ నాయకుడో చేయవలసిన పని అది. జామియా వారు సంస్థలోని అందరికన్నా చిన్న విద్యార్థి చేత పునాది రాయి వేయించారు. ఈ భవనం ఎవరి కోసమో చెప్పడానికి అంతకన్నా మంచి పద్ధతి లేదు.

పరీక్షా కాలం

ఈ చిన్న బడిలో పండిన అనుభవం దేశం దృష్టికి వచ్చింది. 1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో జరిపిన విద్యా సమావేశం, చేతిపనితో ముడిపడిన ప్రాథమిక విద్యకు ప్రణాళిక తయారు చేసే సంఘాన్ని వేసింది. దాని అధ్యక్ష బాధ్యత జాకిర్ హుసేన్‌దే అయింది.

1946 నవంబరులో జామియా రజతోత్సవం జరిగింది. దేశం మతకలహాలతో భగ్గుమంటోంది. కాంగ్రెసు, ముస్లిం లీగు నాయకులు ఎదురుపడి మాట్లాడుకునే స్థితిలో లేరు. అయినా నెహ్రూ, మౌలానా ఆజాద్, జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ ఆ రోజు ఒకే వేదిక మీద కూర్చున్నారు. వారందరినీ అక్కడికి రప్పించింది ఆ సంస్థ మీద ఉన్న గౌరవమే. జాకిర్ హుసేన్ తన సంస్థ కోసం వారిని ఏమీ అడగలేదు. చుట్టూ రగులుతున్న ద్వేషాగ్నిని ఆర్పమనీ, అది ఎవరు పెట్టారో తేల్చుకునే సమయం కాదనీ వేడుకున్నారు.

ఆ మంట ఆరలేదు. 1947లో కాశ్మీర్ ప్రయాణంలో ఉండగా జలంధర్ స్టేషన్‌లో అల్లరిమూక చేతిలో ఆయన ప్రాణాలు పోవలసింది. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి ఆయనను కాపాడారు. ఢిల్లీలో కరోల్ బాగ్‌లోని జామియా భవనం లూటీ అయింది. మక్తబా పుస్తకాలు బూడిదయ్యాయి. ఇంత జరిగినా జామియా మనుషులు చెల్లాచెదురు కాలేదు. ఆయన, ఆయన సహచరులు శరణార్థి శిబిరాల్లో దిక్కులేనివారి సేవలో పడ్డారు. ఇరవై ఏళ్ల శిక్షణ అంతా ఆ కొద్ది నెలల్లో పరీక్షకు నిలిచింది.

1948లో ప్రతిజ్ఞ గడువు పూర్తయింది. అదే ఏడాది ఆయన అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా వెళ్లవలసి వచ్చింది. విభజన తర్వాత అక్కడి అధ్యాపకులు ఎందరో పాకిస్తాన్ వెళ్లిపోయారు. మిగిలినవారిలో బెరుకు. యువకుడిగా తాను విడిచి వచ్చిన విద్యాలయాన్ని నిలబెట్టే బాధ్యత ఇప్పుడు ఆయన మీదే పడింది. 1956 వరకు అక్కడ ఉండి, ఆ ప్రాంగణంలో మళ్లీ ధైర్యం నింపారు. మొక్కలు నాటించడం, గులాబీలు పెంచడం ఆయనకు ప్రాణం. ఎక్కడికి వెళ్లినా తోట వెంట వచ్చేది.

ఆయన వెళ్లిపోతే జామియా ఏమవుతుందోనన్న బెంగ అవసరం లేకపోయింది. బెర్లిన్ నుంచి కలిసి వచ్చిన ముజీబ్ సాహెబ్ ఆ బాధ్యత తీసుకుని 1973 వరకు, 25 ఏళ్లు నడిపారు. పెద్దాయన పోయిన మర్నాడే సంస్థ కూలిపోతే, ఆయన తన మీద మోజు పెంచుకున్నాడే తప్ప మనుషుల్ని పెంచలేదని అర్థం. జామియా కూలలేదు. 1988లో పార్లమెంటు చట్టం ద్వారా కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది.

ఆ తర్వాత జాకిర్ హుసేన్ 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1963లో భారతరత్న అందుకున్నారు. 1967 మే 13న రాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆయనను జామియా ప్రాంగణంలోనే ఖననం చేశారు.

మనం తెలుసుకోవలసింది

ఈనాడు మన ఊళ్లలో మసీదు కమిటీలున్నాయి, మదరసాలున్నాయి, బడులు, యువజన సంఘాలున్నాయి. యువకులు ముందుకు రావడం లేదనీ, ఉస్తాదులు నిలవడం లేదనీ, ఎవరికీ ఖిద్మత్ చేసే మనసు లేదనీ పెద్దలు వాపోతుంటారు. జాకిర్ హుసేన్ జీవితం ఆ పెద్దలను కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. లెక్కలు అందరి ముందు ఉంచుతున్నామా? ఇబ్బంది వచ్చినప్పుడు మొదట తగ్గేది ఎవరి ఖర్చు? కుర్రవాడికి పని చెప్పి వదిలేస్తున్నామా, లేక బాధ్యత కూడా అప్పగిస్తున్నామా? తప్పు చేసినవాడిని పదిమందిలో నిలదీస్తున్నామా, వాడంతట వాడే దిద్దుకునేలా చేస్తున్నామా? మనం లేకపోయినా పని సాగేలా ఒక్క మనిషినైనా తయారు చేశామా?

ఈ ప్రశ్నలు కమిటీల కోసం మాత్రమే కాదు, ప్రతి ఇంటి పెద్ద కోసమూ. తండ్రి చెప్పిన మాట కన్నా తండ్రి బతికిన తీరునే పిల్లలు నేర్చుకుంటారు. అయితే ఎదుటివాడి త్యాగం మీద సంస్థలు కట్టాలని మాత్రం ఈ కథకు అర్థం చెప్పుకోకూడదు. డబ్బు ఉండి కూడా ఉస్తాద్‌కు చాలినంత జీతం ఇవ్వక, సేవ అన్న మాటతో నోరు మూయించేవారికి జాకిర్ సాహెబ్ పేరు ఎత్తే హక్కు లేదు. ఆయన తాను మోయని బరువును ఎవరి తల మీదా పెట్టలేదు. అందుకే ఆయన వెనుక నడిచినవారికి ఆ బరువు బరువనిపించలేదు.